దేవుడు చూసుకునే తీరు

కథోలిక క్రైస్తవులు తమ చర్చిని, దాని కింద ఉండే ఊళ్ళను కలిపి 'విచారణ' అంటారు. ఆ చర్చి బాధ్యత మోసే ఫాదర్ 'విచారణ గురువు'. కొత్తగా విన్నవారికి ఇది కోర్టు మాటలా తోస్తుంది. ఏదైనా ఆఫీసుకు పోయి ఫలానా ఊరి విచారణ గురువునని చెప్పుకుంటే, 'ఏ కేసు విచారణ సార్?' అని అడిగినవారూ లేకపోలేదు. కానీ ఈ మాటకు తెలుగులో ఇంకో అర్థం ఉంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి యోగక్షేమాలు విచారిస్తాం. పిల్లల చదువు, పెద్దల ఆరోగ్యం, వానలు, పంటలు అన్నీ అడుగుతాం. ఆ విచారణే ఇది. ఈ పేరు పెట్టిన పెద్దలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంగ్లీషులో దీన్నే 'పారిష్' అంటారు. దాని మూలం గ్రీకు మాట 'పరోయికియా'. సొంతది కాని చోట కొంతకాలం కాపురముండడం అని దాని అర్థం. పునీత పేతురు తన మొదటి లేఖలో విశ్వాసులను పరదేశులని పిలిచినప్పుడు వాడింది ఈ కుటుంబానికి చెందిన మాటే (1 పేతురు 2:11). గ్రీకు మాట వలసను గుర్తు చేస్తుంది, తెలుగు మాట బాగోగులు అడగడాన్ని గుర్తు చేస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో ఈ రెండు మాటల అర్థం తెలుసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు.

నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది. పీమే సభకు చెందిన మాత్యూ చెరియన్‌కున్నెల్ గారు దాని మొదటి పీఠాధిపతి. ఆ తర్వాత జిల్లాలు ముక్కలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, నారాయణపేట అని కొత్త పేర్లు వచ్చాయి. మెట్ట బతుకులు మాత్రం పాతవే. నాగార్జునసాగర్ డ్యామ్ మన జిల్లాలోనే ఉన్నా దాని ఎడమ కాలువ నీళ్ళు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారాయి. మెట్టమీదున్న దేవరకొండ, మునుగోడు ఆకాశం వైపే చూస్తూ ఉండిపోయాయి. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్ళనూ బడి పిల్లలనూ ఇంట్లో వదిలి, ఎక్కడో డ్యాము కట్టడానికో కాలువ తవ్వడానికో పోయిన జనం వీరు. ఇతరుల పొలాలకు నీళ్ళు తెచ్చిన చేతులకు సొంత ఊళ్ళో తాగే నీళ్ళు లేవు. ఎత్తిపోతల పథకాలు వచ్చాక కొన్ని మండలాల్లో వరి కనిపిస్తోంది, వలస తగ్గింది. ఆ మాటా చెప్పాలి. అయినా ఇప్పటికీ సంవత్సరంలో సగం కాలం సగం చాపలు ఖాళీగా ఉండే ఊరి గుళ్ళు నాకు తెలుసు. క్రిస్మస్‌కు మాత్రం గుడిలో అడుగుపెట్టే చోటుండదు.

ఇలాంటి చోట దేవుని నడిపింపు గురించి ప్రసంగించడం తేలికైన పని కాదు. వాక్యం చెబుతున్నప్పుడు ఎదురుగా కూర్చున్నవారి ముఖాలు మనల్ని ప్రశ్నిస్తూ ఉంటాయి. బోరు వేసి ఎండిపోయినవాడు, మళ్ళీ అప్పు చేసి రెండో బోరు వేసినవాడు అక్కడే ఉంటాడు. మా విశ్వాసుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాలవారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన దగ్గర వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. జ్ఞానస్నానం తీసుకోవడానికి కూడా ఇక్కడ ఒక ధర ఉందన్నమాట. ఆ ధర చెల్లిస్తూనే గుడికి వస్తున్నవారికి విశ్వాసం గురించి తేలిక మాటలు చెప్పకూడదు.

మనవాళ్ళు తరచుగా అనే మాట ఒకటుంది: 'దేవుడే చూసుకుంటాడు.' సెమినరీలో హెబ్రీ భాష పాఠాలు వింటున్న రోజుల్లో ఈ మాట లోతు నాకు అర్థమైంది. మోరీయా కొండమీద అబ్రహాము ఆ చోటికి పెట్టిన పేరులో ఉన్న హెబ్రీ క్రియకు మొదటి అర్థం 'చూడడం' (ఆది 22:14). అవసరమైనది ఏర్పాటు చేయడం అనే అర్థం దానిలోంచే వచ్చింది. ఇంగ్లీషువారికి ఇది రెండు మాటల్లో చెప్పాలి. తెలుగులో 'చూసుకోవడం' అంటే సరిపోతుంది. కన్నతల్లిని ఎవరు చూసుకుంటున్నారు అని అడిగితే ఎవరి చూపు ఆమెమీద ఉందని కాదు కదా, ఎవరు అన్నం పెడుతున్నారనే!

ఈ 'చూసే దేవుడు' అనే పేరు బైబిలులో మొదట పలికింది అబ్రహాము కంటే ముందు ఒక దాసి. ఇల్లు విడిచి ఎడారి దారి పట్టిన హాగారు (ఆది 16:13). తర్వాత మరోసారి ఆమె బిడ్డతో సహా దప్పికతో పడిపోయినప్పుడు దేవుడు కొత్తగా బావి తవ్వించలేదు. ఆమె కళ్ళు తెరిచాడు, బావి కనిపించింది (ఆది 21:19). వలస పోయిన ఆడబిడ్డ, చంకన పిల్లవాడు, తాగడానికి చుక్క నీరు లేదు. ఈ కథను పాలమూరులో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే 'దేవుడే చూసుకుంటాడు' అన్న మాటను రెండు రకాలుగా అనవచ్చు. చేయగలిగిందంతా చేసి, మిగిలింది ఆయన చేతిలో పెట్టి అనవచ్చు. ఏమీ చేయకుండా చేతులు దులుపుకోవడానికీ అనవచ్చు. పక్కింటివాడి కష్టం విషయంలో మనం వాడేది ఎక్కువగా రెండోదే అని నాకు అనిపిస్తుంది.

నల్లగొండ ఫ్లోరైడ్ సంగతే తీసుకోండి. గ్రానైటు రాళ్ళలోంచి నీటిలోకి దిగే ఫ్లోరైడు మర్రిగూడ వంటి మండలాల్లో ఒక తరం పళ్ళను గారపట్టించింది, ఎముకలను వంచింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. పూర్వం కొందరు దీన్ని కర్మ అన్నారు, మన ప్రార్థనా కూటాల్లో కొందరు శాపమన్నారు. రాజుల రెండవ గ్రంథంలో యెరికో ప్రజలు ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చి, ఊరు మంచిదే కానీ నీళ్ళు చెడ్డవి, నేల పండడం లేదని మొరపెట్టుకున్నారు (2 రాజులు 2:19-22). ఆయన వారి పాపాల జాబితా అడగలేదు. ఓర్చుకోమని కూడా చెప్పలేదు. కొత్త గిన్నెలో ఉప్పు తెమ్మని, నీటి ఊట దగ్గరికి తానే నడిచి వెళ్ళాడు. ఫ్లోరైడు నీటిని పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' పరిశోధన సంస్థవారు రూపొందించారు. దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. ఇథియోపియా, టాంజానియా దాకా ఆ పేరు వెళ్ళింది. మన జిల్లా పేరు ఒక జబ్బుతోనే కాక ఒక మందుతో కూడా కలిసి వినబడుతుందంటే నాకు ఎలీషా ఉప్పు గిన్నె గుర్తుకొస్తుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్ళు ఊళ్ళకు చేరాయి. ఆ నీటికోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టినవారు, ధర్నాల్లో కూర్చున్నవారు, వంగిన కాళ్ళతోనే కలెక్టరేటు మెట్లెక్కినవారు ఉన్నారు. వారిలో చాలామంది ఏ గుడికీ పోనివారు. దేవుడు వారి ద్వారా నడిపించలేదని నేను అనలేను.

పునీత థామస్ అక్వినాస్ ఈ విషయాన్ని పదమూడవ శతాబ్దంలోనే చర్చించాడు. దేవుడు అన్నిటినీ తానే నేరుగా చేయగలడు. అయినా తన సంరక్షణను సృష్టిలోని వారి చేతుల మీదుగా జరిపిస్తాడు. అది ఆయన బలహీనత వల్ల కాదు, తన మంచితనంలో మనకూ పాలివ్వాలని, అంటాడాయన. ఇది సెమినరీలో చదివినప్పుడు తర్కంలా అనిపించింది. ఊళ్ళలో తిరిగాక ఊరడింపులా ఉంది.

కానీ ఊరడింపు దొరకని చోట్లూ ఉన్నాయి. శ్రీశైలం నీళ్ళను నల్లగొండ మెట్టకు తేవడానికి సుమారు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. రెండు నెలలు వెదికితే రెండు దేహాలు దొరికాయి. ఆ ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. ఒకప్పుడు మనవాళ్ళు ఎవరికోసమో తవ్వారు. ఇప్పుడు ఎవరి బిడ్డలో మన నీళ్ళకోసం తవ్వుతూ మట్టిలో కలిసిపోయారు. ఇక్కడ దైవచిత్తం అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు కోపం వస్తుంది.

యేసు ప్రభువు ముందు కూడా ఇలాంటి వార్తే ఉంది. సిలోవాములో బురుజు కూలి పద్దెనిమిది మంది చనిపోయారు (లూకా 13:4). వాళ్ళు యెరూషలేములో మిగిలినవారికంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువే ప్రజలను అడిగి, కాదని తానే తేల్చి చెప్పాడు. ఆ సిలోవాము కొలనుకు నీళ్ళు వచ్చేది హిజ్కియా రాజు కాలంనాటి సొరంగం గుండానే. అర కిలోమీటరుకు పైగా కొండను తొలిచిన సొరంగం అది. నీటికోసం రాతిని తవ్వే మనుషుల కష్టం ప్రభువు పెరిగిన దేశానికి తెలియనిది కాదు. ఎందుకు కూలిందని ఆయన వివరణ ఇవ్వలేదు. చనిపోయినవారి మీద నింద వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. అంతకుమించి చెప్పే అధికారం మాకెవరికీ లేదు. దేవుడు ప్రేమతో నడిపిస్తాడని నమ్మడమంటే ప్రతి చావుకూ కారణం తెలుసునని చెప్పుకోవడం కాదు కదా.

నడిపింపు అంటే చాలామందికి ముందే దారి మొత్తం కనిపించాలి. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలుపెట్టి, వచ్చిన వాక్యాన్ని బట్టి బోరు పాయింటు పెట్టేవారిని చూశాను. మా కథోలికులు తక్కువ తినలేదు. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి లారీలు కట్టుకుని పోతారు, కొబ్బరికాయ కొట్టి తలనీలాలిస్తారు. పీమే గురువు ఆర్లాటి గారు 1924లో అక్కడ మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించినప్పటి నుంచి ఎంతోమంది కన్నీళ్ళు ఆ కొండమీద పడ్డాయి. ఆ భక్తిని నేను తక్కువ చేయను. తిరిగొచ్చాక వీధి చివర మంచంపట్టిన ముసలమ్మ ఇంటికి కూడా ఓసారి పోయి రండి అని మాత్రం అంటాను.

యోసేపును మేము ప్రేమగా జోజప్ప అని పిలుచుకుంటాం. ఆయనకు దేవదూత ఇచ్చిన ఆజ్ఞలు చూడండి. లేచి బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు వెళ్ళు, మళ్ళీ చెప్పేదాకా అక్కడే ఉండు (మత్తయి 2:13). ఎన్నేళ్ళో చెప్పలేదు. అక్కడ పని దొరుకుతుందో లేదో చెప్పలేదు. రాత్రికి రాత్రి బయలుదేరడానికి సరిపడా మాత్రమే చెప్పాడు. 2020లో లాక్‌డౌన్‌లో రోడ్లమీద నడిచిన కుటుంబాలను చూసినప్పుడు నాకు ఈ ప్రయాణమే కళ్ళముందు మెదిలింది. ఆ ఏడాది మే 1న వలస కూలీలను ఎక్కించుకుని దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. పన్నెండు వందల మంది అందులో వెళ్ళారు. ఐగుప్తులో జోజప్పకు ఇంటి వాకిట్లో నిలబడి బాగోగులు అడిగినవారు ఎవరో సువార్తలో రాసిలేదు. ఎవరో ఒకరు అడిగే ఉంటారు. లేకపోతే పరాయి దేశంలో పసిబిడ్డతో కాపురం ఎలా సాగుతుంది?

ప్రతి ఊరికీ వారం వారం వెళ్ళి దివ్యబలిపూజ చేయడం విచారణ గురువు ఒక్కడివల్ల కాదు. చాలా ఊళ్ళకు నెలకోసారి గగనం. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది ఉపదేశి. జీతం పేరుకే. చదువు కొందరికి ఏడో తరగతి దాటదు. వీరి గురించి ఎవరూ పుస్తకాలు రాయలేదు కానీ ఈ మెట్టమీద సంఘం నిలిచింది చాలావరకు వీరి కాళ్ళమీదే.

దేవరకొండ వైపు ఒక ఊళ్ళో అలాంటి ఉపదేశి ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గర బడిపిల్లల నోటుబుక్కు ఒకటి ఉంటుంది. ఊరి నుంచి ఎవరు ఎక్కడికి పోయారు, మేస్త్రీ ఎవరు, ఫోను నంబరెంత, ఇంట్లో మిగిలిన ముసలివాళ్ళెవరు, పిల్లలు ఏ హాస్టల్లో ఉన్నారు, అన్నీ గీతలు కొట్టి రాసుకుంటారు. ఆదివారం విశ్వాసుల ప్రార్థనలో ఆ పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. నలభై పేర్లుంటే నలభై. పిల్లలు విసుక్కుంటారు, ఆయన ఆపరు. సోమవారం నుంచి ఆ ఇళ్ళ గడపలు ఒక్కొక్కటే ఎక్కుతారు. పిడికెడు బియ్యం డబ్బాలో పోగైనవి ఎవరి పొయ్యి దగ్గరికి పోవాలో ఆయనకు ఆ పుస్తకమే చెబుతుంది. తిరిగొచ్చిన పేరు పక్కన టిక్కు పెడతారు. కొన్ని గళ్ళు ఏళ్ళుగా ఖాళీగానే ఉన్నాయి, వాటిని కూడా చదువుతూనే ఉన్నారు.

మొన్న నాట్ల కాలంలో ఆ పుస్తకం తిరగేస్తే చివరి పేజీలో మన పేర్లలా లేని పేర్లు కొన్ని కనిపించాయి. నాట్లు వేయడానికి వచ్చి ఊరి బయట రేకుల షెడ్డులో దిగిన బీహారు కూలీలవి. మన గుడికి వచ్చేవాళ్ళు కూడా కారు కదా, వీళ్ళనెందుకు రాశావని అడిగాను.

"మనూళ్ళనే ఉన్నరు గద ఫాదర్. జ్వరమొస్తె ఎవలడుగుతరు?" అన్నారాయన.