పథ్యం తప్పిన తర్వాత

బొమ్మల కొలువు పేరంటాలతో మొదలైన విందుల వరస అమెరికా తెలుగువారికి సంక్రాంతి అరిసెల దాకా ఆగదు. మధ్యలో దీపావళి మిఠాయి డబ్బాలు, కార్తీక వనభోజనాలు, థాంక్స్‌గివింగ్ రోజున టర్కీ పక్కనే గోంగూర మటన్, డిసెంబరు సెలవుల్లో ఇండియా ప్రయాణం. వీటన్నిటికీ నడిమధ్యన నవంబరు 14 వస్తుంది. అది ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు, ప్రపంచ మధుమేహ దినం. ఆ నెల తెలుగు సంఘాల పత్రికల్లో షుగరు మీద ఒక వ్యాసం తప్పనిసరి. కొత్తగా షుగరు బయటపడినవారికో, రాకుండా చూసుకోవాలనుకునేవారికో అందులో బోలెడన్ని సలహాలు ఉంటాయి.

కొందరికి షుగరు వచ్చి ఏళ్ళయింది. మొదట్లో బుద్ధిగా పథ్యం చేసి, పొద్దున్నే నడిచి, రక్తపరీక్షలో ఏ1సీ అంకెను ఏడు లోపలికి దించారు. తర్వాత ఎప్పుడో, ఎక్కడో గాడి తప్పింది. ఇలాంటివారి సంగతి ఆ వ్యాసాల్లో కనిపించదు. సంఘం భోజనాల వరసలో మాత్రం వాళ్ళు చాలామందే ఉంటారు. ఈ సంపాదకీయం వాళ్ళ కోసం.

ముందు లెక్క చూద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, చికాగో ప్రాంతాల్లోని దక్షిణాసియావారిని 2010 నుంచి గమనిస్తున్న ‘మసాలా’ అధ్యయనం 2014లో అంకెలు ప్రకటించింది. నడివయసు, ఆపై వయసువారిలో 23 శాతం మందికి మధుమేహం ఉంది. తెల్లవారిలో అది 6 శాతమే. సన్నగా ఉన్నామన్న ధీమా కూడా పనికిరాదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేసి ఆ సంగతి చూపించారు. ఇద్దరి బీఎమ్ఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలవారికి షుగరు పరీక్ష మొదలుపెట్టాల్సిన బీఎమ్ఐని 2015లో 25 నుంచి 23కు తగ్గించింది.

ఇక గాడి ఎందుకు తప్పుతుంది? లడ్డూల మీద నెపం వేయడం తేలిక గానీ, అసలు కారణాలు ఎక్కువగా వేరేచోట ఉంటాయి. ఉద్యోగం పోతుంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ కంగారులో బీమా సంగతి, దానితోపాటు మందుల సంగతి వెనకబడతాయి. చాలా ప్లాన్లలో జనవరి 1న డిడక్టిబుల్ మళ్ళీ మొదటికి వస్తుంది. డిసెంబరులో తక్కువకు వచ్చిన ఇంజెక్షన్‌కు జనవరిలో వందల డాలర్లు జేబులోంచి తీయాల్సి వస్తే, ‘ఒక నెల ఆగుదాంలే’ అనిపిస్తుంది. అర్ధరాత్రి ఆఫ్‌షోర్ కాల్స్‌తో నిద్ర పోతుంది, నిద్రతోపాటు పొద్దున నడకా పోతుంది. నాన్నగారికి బాగోలేదని ఫోన్ వస్తే విజయవాడకు పరుగెత్తి, నెలరోజులు ఆసుపత్రి క్యాంటీన్ ఇడ్లీలతో గడిపేవారు ఉన్నారు. తిరిగొచ్చేసరికి పాత డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోయి ఉంటారు.

తప్పిన గాడిలోకి మళ్ళీ రానీయనిది సిగ్గు. ‘కాస్త తగ్గించుకున్నాక డాక్టరు దగ్గరికి వెళ్దాం’ అనుకుంటూ అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తారు. వీడియో కాల్‌లో అమ్మ “షుగరు ఎలా ఉందిరా?” అంటే “కంట్రోల్లోనే ఉందమ్మా” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. డాక్టరు తెలుగాయనే అయి, ఉగాది వేడుకలో పక్క కుర్చీలోనే కూర్చుంటే మొహం చాటేయడం ఇంకా ఎక్కువవుతుంది. రోజూ వేలు గుచ్చుకోవడం, ప్రతి ముద్దకూ లెక్క చూసుకోవడం, ఎంత చేసినా అంకె మాట వినకపోవడం, ఇవి మనిషిని అలసిపోయేలా చేస్తాయి. మనస్తత్వవేత్త విలియం పొలాన్‌స్కీ, ఆయన సహచరులు 1995లోనే ఈ అలసటను కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. పరిశోధకులు కొలబద్ద పెట్టి కొలిచేంత మామూలు సమస్యను మన ఇళ్ళలో ఇంకా ‘నోటి కట్టడి లేకపోవడం’ అని తేల్చేస్తున్నారు.

జారినవారు ముందు తెలుసుకోవాల్సింది బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనం కథ. కొత్తగా టైప్ 2 మధుమేహం తేలిన 5,102 మందిని అందులో చేర్చుకున్నారు. కొందరికి మామూలు చికిత్స, కొందరికి గట్టి కట్టడి. 1998లో ఫలితాలు వచ్చాయి. అధ్యయనం ముగిశాక ఏడాదికే రెండు గుంపుల ఏ1సీ మధ్య తేడా చెరిగిపోయింది. అయినా పదేళ్ళ తర్వాత, 2008లో లెక్క తీస్తే, ఒకప్పుడు సల్ఫొనైల్‌యూరియా మాత్రలతోనో ఇన్సులిన్‌తోనో గట్టి కట్టడిలో ఉన్నవారిలో గుండెపోట్లు 15 శాతం, మరణాలు 13 శాతం తక్కువ. మెట్‌ఫార్మిన్ తీసుకున్న అధిక బరువువారిలో గుండెపోట్లు 33 శాతం తక్కువ. పథ్యంగా గడిపిన ఆ మొదటి ఏళ్ళు ఎక్కడికీ పోలేదన్నమాట. షుగరు ఎక్కువగా ఉన్న ఏళ్ళ జమా కూడా అలాగే ఒంట్లో నిలిచి ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు జారారన్న దానికన్నా, జారిన ప్రతిసారీ ఎన్ని నెలలు అలాగే ఉండిపోయారన్నది ముఖ్యం.

జారడం ఎంత సహజమో స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్‌లలో జరిగిన డైరెక్ట్ ట్రయల్ చూపిస్తుంది. షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి కొన్ని నెలలపాటు తక్కువ కేలరీల ద్రవాహారం ఇచ్చి బరువు తగ్గించారు. మొదటి ఏడాది చివర 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం గీత కిందికి వచ్చారు. రెండో ఏడాదికి అలా నిలిచినవారు 36 శాతం. క్రమం తప్పకుండా డైటీషియన్‌నో నర్సునో కలుస్తూ సాగినవారికే ఇంత జారుడు ఉంటే, ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఒంటరిగా లాక్కొస్తున్నవారు జారడంలో వింతేముంది?

తిరిగి మొదలుపెట్టేవారు పథ్యం కన్నా ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఏ1సీ సుమారు మూడు నెలల సగటు. వారం రోజులు అన్నం మానేసి వెళ్ళినంత మాత్రాన అది పెద్దగా మారదు. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్, మూత్రపిండాల పనితీరు, పాదాల స్పర్శ కూడా చూపించుకోవాలి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నవారిలో బీ12 తగ్గే అవకాశం ఉంది. శాకాహారులకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష అడిగి చేయించుకోవాలి.

కళ్ళ సంగతి చాలామందికి తెలియదు. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరు ఒక్కసారిగా పడిపోతే, అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొన్నాళ్ళు ఇంకా పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే గట్టిగా మొదలుపెట్టేముందు కంటి డాక్టరును కలవాలి. ఆగిపోయిన మందులను పాత మోతాదులోనే సొంతంగా అందుకోకూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కసారిగా పెద్ద మోతాదులో మొదలుపెడితే కడుపు తిరగబడుతుంది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు చాలా వారాలు తప్పితే మళ్ళీ చిన్న మోతాదు నుంచే ఎక్కాల్సి రావచ్చు. తిండి తగ్గించి పాత లెక్కలోనే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ తీసుకుంటే షుగరు 70 కిందికి జారి కళ్ళు తిరగవచ్చు. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల్లో రెండు మూడు మందులు కలిసి ఉండటం మామూలు. పేరు చెప్తే ఇక్కడి ఫార్మసిస్టుకు తెలియకపోవచ్చు, స్ట్రిప్ చూపించడమే మేలు.

డబ్బు అడ్డమైతే ఆ మాట డాక్టరుతో నోరు విప్పి చెప్పడమే మార్గం. మెట్‌ఫార్మిన్ బీమా లేకున్నా కొద్ది డాలర్లకే దొరుకుతుంది. మెడికేర్ ఉన్న పెద్దవాళ్ళకు ఇన్సులిన్ ఖర్చు 2023 నుంచి ఒక్కోదానికి నెలకు 35 డాలర్లు దాటదు. ప్రభుత్వ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి. మధుమేహ శిక్షణ తరగతులకు మెడికేర్ మొదటి ఏడాది పది గంటల వరకూ, ఆ తర్వాత ఏటా రెండు గంటల వరకూ చెల్లిస్తుంది. చాలా ప్రైవేటు బీమాలూ వీటికి డబ్బు కడతాయి. డాక్టరు రాసిస్తే చాలు. ఈ తరగతులు కొత్తవారికేనన్న అపోహ ఉంది. లక్ష్యం తప్పినప్పుడు, జీవితంలో పెద్ద మార్పు వచ్చినప్పుడు మళ్ళీ వెళ్ళమనే నిపుణులు చెబుతున్నారు.

తిండి విషయానికొస్తే, అన్నీ ఒక్కరోజే మార్చబోయి మూడో రోజుకి వదిలేయడం కన్నా ఒక పూట భోజనంతో మొదలుపెట్టడం నయం. అమెరికన్ కప్పుడు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మన కంచంలో పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు దేనికదే అన్నంతోనే దిగుతాయి కాబట్టి ఆ కప్పులు రెండో మూడో అవుతాయి. రాగి జావ తాగేసి పథ్యం చేశామనుకునేవారు ఉన్నారు. జావైనా అది పిండే, ఎంత తాగామన్నది చూసుకోవాల్సిందే. వండేవి మార్చకుండానే తినే వరస మార్చినా ఫలితం ఉంటుందని న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో అల్పనా శుక్లా బృందం 2015లో ప్రకటించింది. చూసింది 11 మందినే, కానీ కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని రొట్టె చివర తిన్నప్పుడు గంట తర్వాతి షుగరు 37 శాతం దాకా తక్కువగా ఉంది. మనింట్లో అయితే బెండకాయ వేపుడో బీరకాయ కూరో, గిన్నెడు పప్పో, గుడ్డో చేపో ముందు తినేసి, అన్నం తర్వాత కలుపుకోవడం. అత్తగారు మొదట్లో వింతగా చూడవచ్చు.

నడకకు గంట దొరకనివారికి జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2013లో చేసిన ప్రయోగం పనికొస్తుంది. షుగరు వచ్చే ముప్పున్న పెద్దవయసువారిని మూడు పూటలా భోజనం తర్వాత 15 నిమిషాలు నడిపించారు. రాత్రి భోజనం తర్వాతి షుగరును తగ్గించడంలో, ఒకేసారి 45 నిమిషాలు నడవడం కన్నా అదే మేలు చేసింది.

నవంబరులో అయ్యప్ప దీక్షలు, కార్తీక సోమవారాలు, ఆపైన శివరాత్రి. ఉపవాసం చేసేవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఒంటిపూట భోజనంతో గ్లిమిపిరైడ్ ప్రమాదం. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకుంటూ కటిక ఉపవాసం ఉంటే రక్తంలో కీటోన్లు పేరుకుపోయే ముప్పు ఉంది. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నల షుగరు కూడా ఇక్కడే గాడి తప్పుతుంది. హైదరాబాదులో రోజూ కేబీఆర్ పార్కులో నడిచినాయన మిషిగన్ మంచులో సోఫాకు అతుక్కుపోతారు. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకు సాధారణంగా డబ్బు చెల్లించవు. కావలసినన్ని మందులు, ప్రిస్క్రిప్షన్, మీటరు, దానికి సరిపడా స్ట్రిప్పులు వాళ్ళ పెట్టెలో బట్టలకన్నా ముందు చేరాలి.

సంఘాలకూ ఇందులో వంతు ఉంది. వేడుకల్లో బల్ల మీద మొదట పలకరించేవి బొబ్బట్లు, పులిహోర, తర్వాత బిర్యానీ. కూరలు చివర, సలాడ్ అయితే ఏ మూలో. కార్యవర్గం క్యాటరర్‌తో ఒక్క మాట చెప్తే ఆ వరస తిరగబడుతుంది. వంటకం ఒక్కటీ తగ్గదు, ఖర్చు డాలరు పెరగదు. వక్తలు నాలుగు గంటలు కూర్చోబెట్టే కార్యక్రమంలో భోజనాల తర్వాత పావుగంట నడకకు విరామం ఇవ్వవచ్చు. మధుమేహ శిక్షణలో అర్హత ఉన్న తెలుగు నర్సులు, డైటీషియన్లు దొరికిన ఊళ్ళలో వాళ్ళచేత తెలుగులో తరగతులు పెట్టించవచ్చు.

హెల్త్ ఫెయిర్లు మాత్రం మారి తీరాలి. ప్రతి ఏటా స్టాల్ పెట్టి, వేలు గుచ్చి, అంకె రాసిచ్చి, ఫొటోలు దిగి ఇంటికి పంపేస్తున్నారు. ఎక్కువ అంకె వచ్చిన మనిషి ఆ చీటీ ఏం చేశారో ఎవరూ అడగరు. ఈ సంక్రాంతి సంబరాల్లో పరీక్ష చేయించుకున్నవారిలో ఇష్టపడ్డవారి ఫోన్ నంబర్లు ఆరోగ్య విభాగం కార్యకర్తలు రాసుకోవాలి. ఆ అంకె వేదిక మీదికి గానీ, వాట్సాప్ గ్రూపులోకి గానీ రాకూడదు. ఏప్రిల్‌లో, మూడు నెలల సగటు కొత్తగా తేలే సమయానికి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి డాక్టరును కలిశారా, మందులు అందుతున్నాయా, క్లినిక్‌కు వెళ్ళడానికి కారు కావాలా అని అడగాలి. ఆ పనికి ముందుకొచ్చేవారు తమ పేర్లు జనవరి మొదటి వారంలోగా కార్యదర్శికి ఇవ్వాలి.