మన వీరనారి చచ్చేదాకా ఆగాలా?

"దళిత సాహిత్యంలో హాస్యమేంటి? పైగా ఫాంటసీ ఏంటి?" ఈ ప్రశ్న కొన్ని వారాలుగా నా ఇన్‌బాక్స్‌లో తిరుగుతోంది. అడిగేవాళ్లలో సగం మంది మనవాళ్లే. అందుకే ఈసారి పోస్ట్ దాని మీదే. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

విషయం ఇది. నా దగ్గర చదువుకునే ఒక మాదిగ అమ్మాయి కథ రాసింది. ఒక రాజ్యం మీదికి రాక్షసుడొస్తాడు. రాజుగారి సైన్యం ముహూర్తం కుదరలేదని కోటలోనే కూర్చుంటుంది. ఊరి చివర వాడలోంచి నలుగురు ఆడవాళ్లు బిందెలు, చీపుర్లు పట్టుకుని ఎదురెళ్తారు. ఆ రాక్షసుడు మహా నిష్ఠాపరుడు, మడి కట్టుకోనిదే మనిషిని తినడు. "మీదే వాడ?" అని అడుగుతాడు. చెప్తారు. ఎక్కడ తగిలి మైలపడతానోనని వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఊరి బావిలో పడి చస్తాడు. వీళ్ల ఒంటి మీద గీత కూడా పడదు. అప్పుడు సేనాపతి కోట దిగొచ్చి "శవం తీసే ఆనవాయితీ మీదే కదా" అంటాడు. "తీస్తాం, ముందు రేటు మాట్లాడండి" అంటుంది పెద్దావిడ. రేటేంటంటే, బావి పట్టా.

క్లాసులో చదివితే పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. ఒక కథల పోటీకి పంపింది. తిప్పి పంపారు. కారణం రెండు ముక్కలు: దళిత స్త్రీ వేదన కనిపించలేదట, అంటరానితనాన్ని తేలిక చేసిందట. ఇది పై కులాల పత్రిక చేసిన పనైతే ఇంత రాసేదాన్ని కాదు, మనకు అలవాటే. తిప్పి పంపినవాళ్లు మన సభల్లో మన పక్కనే కూర్చునేవాళ్లు.

తేలిక చేసిందా? ఆ కథలో మనం నవ్వేది ఎవరిని చూసి? ఆ నలుగురు ఆడవాళ్లను చూసి కాదు. మడిని చూసి, ముహూర్తాన్ని చూసి, కోటలో దాక్కున్న మీసాలను చూసి నవ్వుతాం. ఎవరో మనల్ని చూసి నవ్వడానికీ, మనం వాళ్లను చూసి నవ్వడానికీ తేడా తెలియని న్యాయనిర్ణేతలు సాహిత్యానికి మార్కులు వేస్తున్నారు.

హాస్యం, మంత్రాలు, కత్తి పట్టిన ఆడది, ఈ మూడూ కలిసిన కథలకు బయట దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1973లో మార్వెల్ కామిక్స్‌లోకి రెడ్ సోంజా అనే యోధురాలు వచ్చింది. కొన్నాళ్లకు ఆమెకు ఇనప బిళ్లల బికినీ తొడిగారు. యుద్ధానికి వెళ్లే మనిషికి పొట్ట, ఛాతీ, తొడలు అన్నీ బయటే! ఆ కవచం కత్తిని ఆపడానికి పుట్టలేదు, మగ పాఠకుడి కన్ను ఆపడానికి పుట్టింది. 1995లో ఎస్తర్ ఫ్రీస్నర్ అనే అమెరికన్ రచయిత్రి 'చిక్స్ ఇన్ చైన్‌మెయిల్' అనే సంకలనం తెచ్చింది. అందులో ఆ బికినీనీ, దాన్ని గీసిన బుర్రలనూ కలిపి ఎగతాళి పట్టించారు. దాని తర్వాత అదే వరసలో మరిన్ని సంకలనాలు వచ్చాయి. వాళ్లనెవరూ "స్త్రీ వేదన ఎక్కడమ్మా?" అని అడిగి ఆపలేదు.

అలాగని ఆ పుస్తకాల్ని నెత్తిన పెట్టుకోమని చెప్పట్లేదు. మొదటి సంకలనంలో ఎలిజబెత్ మూన్ కథ ఒకటుంది. ఒక రాజ్యంలో యోధురాళ్లు తొడిగే కంచు రొమ్ముకవచాల మీద పన్ను వేస్తారు. మగాళ్ల లోపలి కవచానికి లేని పన్ను మాకెందుకని వాళ్లు గొడవకు దిగుతారు. అక్కడి పాఠకులకు ఇది నోటికొచ్చిన కల్పన, హాయిగా నవ్వుకుంటారు. నాకు మాత్రం చదువుతుంటే తిరువాంకూరు గుర్తొచ్చింది. ఆ సంస్థానంలో కింది కులాల మగాళ్ల మీద వేసే తలపన్నుకు తలక్కరం అని, ఆడవాళ్ల మీద వేసేదానికి ములక్కరం అని పేరు. 'ముల' అంటే రొమ్ము. ఆ పన్నుకు బదులు రొమ్ము కోసి ఇచ్చిన నంగేలి కథ చేర్తల వైపు జనం నోట ఇప్పటికీ ఉంది. నాడార్ ఆడవాళ్లు పైబట్ట వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే, 1859లో గానీ రాజు దిగిరాలేదు. వాళ్లకు ఫాంటసీగా తోచింది మనకు రెవెన్యూ రికార్డు. అందుకే ఈ తరహా కథ మన చేతిలో పడితే వాళ్ల కథకంటే పదునుగా ఉంటుంది. ఆ అమ్మాయి కథలో ఆ పదును ఉంది.

ఇక మన దగ్గర వీరనారులకు ఏ ముగింపులు దొరికాయో చూడండి. యాగాశ్వాన్ని కట్టేసి అర్జునుడి మీదికెళ్లిన ప్రమీలకు చివరికి దొరికింది పెళ్లి. ఝాన్సీలో కోరీ కులపు ఝల్కారీబాయి రాణి వేషంలో శత్రువు ముందుకెళ్లింది, 2001లో తపాలా బిళ్ల దొరికింది. 1857 నవంబర్‌లో లక్నో సికందర్‌బాగ్‌లో చెట్టెక్కి తుపాకీ పేల్చిన పాసీ వీరనారి ఊదాదేవికి విగ్రహం దొరికింది. ఈ పేర్లు మనకు ప్రాణం, ఎవరూ కాదనరు. కానీ పై కులపు ఆడది కథలో పెళ్లి దాకా బతుకుతుంది, మన ఆడది బిళ్ల మీదికో దిమ్మె మీదికో చేరాకే గౌరవం పొందుతుంది. మన వీరనారి గెలిచి, ఇంటికెళ్లి, చేపల పులుసు వండుకుని, అత్తతో పోట్లాడి పడుకుంటే కథ అవ్వదా?

"ఇన్ని ఘోరాలు జరుగుతుంటే నవ్వులేంటి" అనేవాళ్లకు కారంచేడు గుర్తుచేస్తాను. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్లను మురికి చేస్తుంటే అడ్డం చెప్పినందుకు కమ్మ కుర్రాళ్లు కొట్టబోతే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ చావుల మీద నవ్వమని ఏ మనిషీ అడగడు. కానీ ఆ బిందెను మనం చావుల ఖాతాలోనే ఎందుకు వేయాలి? నీళ్లు మోసే బిందె ఒక్క నిమిషం ఆయుధమైంది. చరిత్రలో ఆ నిమిషాన్ని వాళ్లు నెత్తుటితో ముంచేశారు. అదే బిందెను రాక్షసుడి ముందు మళ్లీ ఎత్తించి, ఈసారి మనిషికి ఏమీ కాకుండా ఇంటికి చేర్చగలిగేది ఫాంటసీ ఒక్కటే. దాన్ని పలాయనం అంటారా? సరే, ఎప్పుడూ పారిపోయేది మనమే కావాలా, ఒక్కసారి రాక్షసుణ్ని పారిపోనివ్వండి.

హాస్యం మనకు కొత్తదీ కాదు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో దూరి మగాణ్ని చితకబాదే బంగారక్క ఏ శాస్త్రం చదివింది? జాతరలో మాతంగి పై కులాలవాళ్లను తిడుతూ వాళ్ల మీద ఉమ్మేస్తుందని 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలోనే ఉంది. మాతంగి పేరున మన ఆడపిల్లల బతుకుల్ని నాశనం చేసిన ఆచారాన్ని నేను మెచ్చుకోవట్లేదు, దాన్ని 1988లో చట్టంతో నిషేధించుకున్నాం. నేననేది ఆ నోటి గురించి. నాట్ల కాడ, కలుపుల కాడ దొరను ముఖం మీదే వెక్కిరించిన నోరు మన అమ్మమ్మలది. పుస్తకంలోకి వచ్చేసరికి ఆ నోట్లో ఏడుపు మాత్రమే మిగిల్చింది ఎవరు?

మన ఏడుపుకు గిరాకీ ఉంది. సెమినార్ పేపర్లొస్తాయి, అనువాదాలొస్తాయి, చదివిన పై కులపు పాఠకుడికి జాలిపడ్డ తృప్తి దొరుకుతుంది. మన నవ్వుకు గిరాకీ లేదు, ఎందుకంటే అది ఎవరి మీదో వాళ్లకు తెలుసు. వాళ్లు భయపడితే అర్థముంది. మనవాళ్లు కూడా గేటు దగ్గర నిలబడి కన్నీళ్ల సర్టిఫికెట్ అడగడమే నాకు మింగుడుపడట్లేదు.

కాబట్టి పోటీలు పెట్టే అన్నలకూ అక్కలకూ ఒకటే మాట. కథ బాగోకపోతే బాగోలేదని చెప్పండి. వాక్యం కుంటుతోందనండి, ముగింపు తేలిపోయిందనండి. అంతేగానీ వేదన చాలలేదని తూకం వేసి తిప్పి పంపకండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు రాయండి. రాక్షసులు మనకు కొరతేం లేదు, పంచాయతీ ఆఫీసు దగ్గర మొదలుపెడితే చాలు. ఆ అమ్మాయి రెండో కథ మొదలుపెట్టింది. ఈసారి ఇంద్రసభలో రోస్టర్ పాయింట్ అడగడానికి పోతున్నారట ఆ నలుగురూ.

జై భీమ్.