పసుపుకొమ్ము నేర్పిన పాఠం

మొన్న ఒక ఆయుర్వేదాచార్యులు నాతో అన్నారు: "సంహితలు కంఠస్థమైనవాడికి కంప్యూటరులో వెతుకులాట ఎందుకండీ?" నాకు నవ్వు రాలేదు, భయం వేసింది.

పసుపు గాయాలను మాన్పుతుందన్న సంగతిపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. 1997లో అది రద్దయింది. మన ప్రాచీనతను కీర్తించినందువల్లనా? కాదు. పాత గ్రంథాలనూ, అచ్చయిన వ్యాసాలనూ వెతికి సాక్ష్యంగా చూపినందువల్ల!

ఆ అనుభవం నుంచే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలయింది. ఏళ్ల తరబడి దాని తలుపులు పేటెంటు కార్యాలయాలకే తెరుచుకున్నాయి. 2022లో ఇతరులకూ తెరవాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది, అదీ చందా కడితేనే! ప్రజల విజ్ఞానానికి ప్రజలే వెల చెల్లించాలట! దీన్ని ప్రశ్నించవలసిన ఆచార్యులే వెతకటం నామోషీ అనుకుంటే ఇక అడిగేదెవరు?

ఉచితంగా అందే వైద్యవ్యాసాల సూచి పబ్‌మెడ్‌ను తెరవనివారే, ఫోనులో వచ్చిన కషాయాల కబుర్లను తరగతిలో ప్రమాణంగా వల్లిస్తున్నారు. చరకుడు ఆప్తోపదేశంతోపాటు ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అనే పరీక్షలనూ చెప్పాడు. వీరు మొదటిదాని దగ్గరే చతికిలబడ్డారు.

విద్యార్థి మిత్రులారా! "ఇది ఎక్కడ ఉంది? ఎవరు పరీక్షించారు?" అని లేచి అడగండి. శాస్త్రం బతికేది ఆ ప్రశ్నలోనే.