బ్లూటూత్‌తో ఫోన్, ల్యాప్‌టాప్ జత... ఆ ఆరంకెలు చూశాకే నొక్కండి!

కేబుల్ దొరకదు, వైఫై లేదు. ఫోన్‌లో ఉన్న సర్టిఫికెట్ పీడీఎఫ్ మాత్రం ఇప్పటికిప్పుడు ల్యాప్‌టాప్‌లోకి రావాలి. ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది, ఇయర్‌బడ్స్ కోసమే అని మనం అనుకునే బ్లూటూత్. ఆండ్రాయిడ్ ఫోన్‌ని విండోస్ ల్యాప్‌టాప్‌తో జత చేయడం రెండు నిమిషాల పని. కానీ మధ్యలో వచ్చే ఒక్క స్క్రీన్‌ని చాలామంది చదవకుండానే దాటేస్తుంటారు. ఈ వారం నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

ముందు రెండింట్లో బ్లూటూత్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో 'బ్లూటూత్ అండ్ డివైజెస్'కి వెళ్లి 'యాడ్ డివైజ్', తర్వాత 'బ్లూటూత్' నొక్కండి. ఫోన్‌లో బ్లూటూత్ పేజీ తెరిచే ఉంచండి. లేకపోతే దాని పేరు ల్యాప్‌టాప్ జాబితాలో కనిపించకపోవచ్చు. పేరు మీద క్లిక్ చేయగానే రెండు స్క్రీన్లపైనా ఆరంకెల నంబర్ వస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి! అది ఓటీపీ కాదు, ఎక్కడా టైప్ చేయక్కర్లేదు. రెండు చోట్లా ఒకే నంబర్ ఉందా అని చూసుకోవడానికే అది. ఉంటే, మీ ఫోన్ మీరనుకున్న ల్యాప్‌టాప్‌తోనే కలుస్తోందన్నమాట. తేడా ఉంటే వెంటనే క్యాన్సిల్ చేసేయండి. చాలా ఫోన్లలో అక్కడే కాంటాక్ట్స్, కాల్ హిస్టరీ చూడనివ్వాలా అని ఓ టిక్ బాక్స్ కూడా ఉంటుంది. ఫైల్ పంపడానికి దాంతో పనే లేదు. నేనైతే ఖాళీగానే వదిలేస్తా.

ఇక ఫైల్ సంగతి. ల్యాప్‌టాప్ టాస్క్‌బార్‌లో బ్లూటూత్ గుర్తుపై రైట్ క్లిక్ చేసి 'రిసీవ్ ఎ ఫైల్' ఎంచుకోండి. ఆ తర్వాతే ఫోన్‌లో ఫైల్ తెరిచి 'షేర్'లో బ్లూటూత్ నొక్కాలి. ఫైల్ వచ్చాక ల్యాప్‌టాప్‌లో 'ఫినిష్' కొడితేనే సేవ్ అవుతుంది. ఐఫోన్ నుంచి విండోస్‌కి మాత్రం ఇలా ఫైళ్లు పంపడం కుదరదు.

స్పీడ్ మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి. సెకనుకు సుమారు 2 మెగాబిట్లు వస్తే గొప్పే. 5 ఎంబీ పీడీఎఫ్ అర నిమిషంలో వచ్చేస్తుంది గానీ, 1 జీబీ వీడియోకి గంట పైనే పడుతుంది. దానికి కేబులే దిక్కు.

చివరిగా ఒక్క మాట. ఆ ల్యాప్‌టాప్ ఫ్రెండ్‌దో, నెట్ సెంటర్‌దో అయితే, పని అవ్వగానే ఫోన్‌లో 'ఫర్‌గెట్', ల్యాప్‌టాప్‌లో 'రిమూవ్ డివైజ్' నొక్కండి. పంపిన ఫైల్‌ని కూడా అందులోంచి డిలీట్ చేయండి. ల్యాప్‌టాప్ ఎవరిదైనా కావొచ్చు, సర్టిఫికెట్ మాత్రం మీదే కదా!