దారాలతో ముఖం పైకి లేస్తుందా?

"బాబాల్ని నమ్మొద్దంటావు, సరే. ఇది డాక్టర్లు చేసేదే కదన్నయ్యా!" అంది మా చిన్నాన్న కూతురు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి దగ్గరపడుతోంది. బుగ్గలు జారిపోయాయని ఈవిడ దిగులు. చీటీ పాడిన డబ్బుతో థ్రెడ్ లిఫ్ట్ చేయించుకుంటుందట. కోత ఉండదు, గంటలో అయిపోతుంది, రెండేళ్ళు నిలుస్తుంది అన్నారట క్లినిక్ వాళ్ళు.

ఆమె అడిగింది న్యాయమే. ఇది తాయెత్తు దారం కాదు. పీడీఓ అనే ఈ దారాన్ని ఆపరేషన్లలో లోపలి కుట్లకు 1980ల నుంచి వాడుతున్నారు. ఒంట్లోని తడికి మెల్లగా విడిపోయి సుమారు ఆరేడు నెలల్లో కరిగిపోతుంది. దానికే ముళ్ళలాంటి గాట్లు పెట్టి, సూదితో చర్మం కింద దూర్చి, జారినదాన్ని పైకి లాగుతారు. అయితే కుట్టుకు పనికొస్తుందని రుజువైన దారం ముఖాన్ని రెండేళ్ళు నిలబెడుతుందని రుజువైనట్టేనా? చదువుకున్నవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే.

ఆరు నెలల్లో కరిగేది రెండేళ్ళు ఎలా పట్టుకుంటుందయ్యా అంటే, చుట్టూ కొల్లాజెన్ పుడుతుందంటారు. పుడుతుంది, నిజమే. గాయమైన ప్రతిచోటా పుడుతుంది. అది బుగ్గ బరువును ఎన్నాళ్ళు మోస్తుందన్నది కదా ప్రశ్న! 2009లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎవరికి ఏ చికిత్స జరిగిందో చెప్పకుండా బయటి సర్జన్లకు ఫొటోలు చూపించారు. దారాలు మాత్రమే వేయించుకున్నవాళ్ళలో నెల రోజులకు కనిపించిన మార్పు ఆ తర్వాత నామమాత్రంగానే మిగిలింది. మొదట్లో కనిపించేదానికి వాపు కూడా కారణమని రచయితలే రాశారు. ఆ రోజుల్లో ఎక్కువగా వాడినవి అసలు కరగని పాలీప్రొపిలీన్ దారాలని మరిచిపోకండి.

"మరి వేయించుకున్నవాళ్ళంతా బాగుందంటున్నారుగా?" అంటారు. స్వస్థత సభల్లో సాక్ష్యం చెప్పేవాళ్ళూ అబద్ధాలకోరులేమీ కాదు. డబ్బు పెట్టి, నొప్పి ఓర్చుకుని అద్దంలో చూసుకునే మనిషి కంటికి మార్పు కనబడి తీరుతుంది. ఇక ఫొటోల సంగతి. 'ముందు' ఫొటోలో తల వంచుకుని, నెత్తిమీద లైటు. 'తర్వాత' ఫొటోలో గడ్డం ఎత్తి చిరునవ్వు. (దారం అక్కర్లేదు, మీరూ ఇంట్లో ప్రయత్నించి చూడండి.)

మా చెల్లెలికి ఒక్కటే చెప్పాను. వద్దనలేదు. ఏడాది నిండినవాళ్ళ ఫొటోలు, అదే వెలుతురులో, అదే కోణంలో తీసినవి చూపించమని అడగమన్నాను. చర్మం గుంటలు పడటం, చీము పట్టడం, దారం కొస బయటికి పొడుచుకురావడం ఎంతమందికి జరిగిందో కూడా.

అడిగిందట. ఒక ఆల్బం చేతిలో పెట్టారట. అన్నీ చికిత్స అయిన వారంలోపు తీసినవే.