బోరు చోటుకు ఒక్క కొలత చాలదు

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల గ్రానైట్ నేలల్లో బోరుబావికి చోటు నిర్ణయించడానికి చాలా సందర్భాలలో విద్యుత్ నిరోధకత పరీక్ష ఒక్కదానితోనే సరిపెడుతున్నారు. ఆ నివేదికను నమ్మి రైతు అప్పు తెచ్చి బోరు వేయిస్తాడు. రాతిపొడి తప్ప మరేమీ రానప్పుడు నింద పరికరం మీదకు పోతుంది. నిజానికి లోపం పరికరానిది కాదు. దాన్ని అడిగిన ప్రశ్నకు అది ఒంటరిగా జవాబు చెప్పలేదు.

విద్యుత్, విద్యుదయస్కాంత పద్ధతులు కొలిచేది నీటిని కాదు, నేల వాహకతను. నీటితో నిండిన మొరం, బంకమట్టి, ఉప్పునీరు మూడూ వాహకాలే. బంకమట్టి నీటిని పట్టి ఉంచుతుందే గాని బోరులోకి సులభంగా వదలదు. 30 ఓమ్-మీటర్ల పొర కనిపించినంత మాత్రాన అది మొరమో, బంకమట్టో ఆ అంకె తేల్చదు. పైగా వాహకత ఎక్కువగా ఉన్న పలుచని పొర, వాహకత తక్కువగా ఉన్న మందమైన పొర ఉపరితలం మీద దాదాపు ఒకే వక్రరేఖను ఇవ్వగలవు.

ఈ చిక్కును విప్పడానికి వేరే రకం సాక్ష్యం కావాలి. పగుళ్లు లేని గ్రానైట్‌లో సీస్మిక్ తరంగం సెకనుకు సుమారు 5,000 మీటర్ల వేగంతో పోతుంది. మొరంలో అందులో సగం వేగం కూడా ఉండదు. కాబట్టి గట్టి రాయి ఎంత లోతున ఉందో సీస్మిక్ కొలత చెబుతుంది. మందం తెలిస్తే నిరోధకతకు ఊహించుకునే చోటు తగ్గుతుంది. భూగర్భజలానికి అడ్డుగోడలా నిలిచే డోలరైట్ డైకులను అయస్కాంత సర్వే పట్టిస్తుంది.

అయితే విడివిడిగా తయారైన రెండు చిత్రాలను ఒకదానిపై ఒకటి పరచి చూడటాన్ని సమన్వయం అనడం సరికాదు. దేని తప్పు దానిలోనే మిగిలిపోతుంది. గల్లార్డో, మేజు 2003లో ప్రతిపాదించిన ఉమ్మడి గణనలో నిరోధకత, సీస్మిక్ వేగం రెండూ మారే చోట ఆ మార్పులు ఒకే దిశలో గాని, సరిగ్గా వ్యతిరేక దిశలో గాని ఉండాలన్న నియమం మొదటినుంచీ పనిచేస్తుంది. సమన్వయమంటే అది.

ఖరీదైన సర్వేలకంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. ఎన్ని అడుగులకు మొరం పోయి రాయి తగిలింది, ఎక్కడ తడి కనిపించింది, కేసింగ్ ఎంత దిగింది అన్నవి బోరు వేసిన రోజే సర్వే నంబరుతో సహా నమోదు కావాలి. ఎండిన బోర్ల వివరాలు కూడా అందులో ఉండాలి.

ఇంత చేసినా 150 మీటర్ల లోతున ఉన్న వేలెడు వెడల్పు పగులు ఉపరితల కొలతలకు చిక్కుతుందని చెప్పలేం. ఆ మాటను నివేదిక మొదటి పేజీలోనే, రైతుకు అర్థమయ్యే తెలుగులో రాయాలి.