కొండమీది ఆట, కొండక్రింది నీరు

సిమ్లా నగరమునకు ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున, దేవదారు వృక్షముల నడుమ, నాల్దేరా యను కొండయూరు గలదు. అచ్చటి కొండవాలున గోల్ఫు మైదానమును, దాని చెంతనే ప్రభుత్వ పర్యాటక సంస్థ నెలకొల్పిన విడిదియు నున్నవి. వేసవికి తాళజాలని నగరవాసులు రెండుమూడు దినము లచ్చట విడిసి, ఉదయమున బంతి నాడి, సాయంకాలమున చల్లగాలి ననుభవించి మరలివత్తురు. ఈ విశ్రాంతి నాక్షేపించుట మా యుద్దేశము గాదు. శ్రమించిన వానికి విశ్రాంతి ధర్మమే. కాని యా కొండ యెవరిది? ఆ నీ రెవరిది? ఈ ప్రశ్న లడుగక తప్పదు.

1899 మొదలు 1905 వఱకు రాజప్రతినిధిగా నుండిన కర్జను ప్రభువునకు నాల్దేరాపై నెంతటి మక్కువయనగా, 1904లో జన్మించిన తన కుమార్తె నామమున ఆ యూరి పేరును జేర్చుకొనెను. వంగదేశమును రెండుగా చీల్చిన ప్రభు వీతడే. ఆనాడు పర్వతశిఖరము లేలికల విలాసములకు. లోయలు వారి సామానులు మోయు కూలీలకు. ఆ యేలిక వెడలిపోయెను. ఆ భేదమును వెడలినదా?

గోల్ఫు పెంపొందిన స్కాట్లండు దేశమునే చూడుడు. సెంట్ ఆండ్రూసునందలి సుప్రసిద్ధమైన పాత మైదానము సాధారణముగా ఆదివారమున ఆటకు మూయబడును. ఆనా డది యెల్లవారికిని విహారభూమి. 2003 నాటి భూసంస్కరణ శాసనము, బాధ్యతతో నడచుకొను బాటసారికి గోల్ఫు మైదానమును దాటిపోవు హక్కు నొసంగినది. కావున కంచె యా క్రీడకు ప్రాణము గాదు.

దారికంటెను నీరు ముఖ్యము. 2018వ సంవత్సరము మే నెలలో సిమ్లా ప్రజలు నీటిలారీల ముందు బిందెలతో బారులు తీర్చి నిలిచిరి. విహారమునకు రావలదని యాత్రికులను వేడుకొనవలసిన దుస్థితి దాపురించెను. కురచగా కోయబడిన పచ్చికకు వేళ్లు లోతుగా పాఱవు. అది తఱచు నీరు కోరును. దానికి వేసిన యెరువు వాననీటితో వాలు వెంబడి దిగువకు జాఱును. వాననీటిని తొట్లయందు నిలువజేయుట, విడిదిలో వాడిన నీటిని శుద్ధిచేసి పచ్చికకు పాఱించుట, బంతి దొర్లు చోటులకు మాత్రమే తడిపెట్టి తక్కిన నేలను కొండగడ్డికి విడుచుట యసాధ్యములు గావు. కొండలయందలి ప్రతి గోల్ఫు విడిదికిని ప్రభుత్వ మీ నియమములను విధింపవలెను.

మఱియొక మాట. కలకత్తా మైదానమున పచ్చికను కాపాడిన పనివాని కుమారుడగు చౌరాసియా 2016, 2017 సంవత్సరములలో భారత గోల్ఫు విజేత యయ్యెను. అవకాశము గలిగిన యెడల సంచి మోయువాని బిడ్డయు ఆటగా డగును. వారమున కొక పూట చుట్టుపట్ల పల్లెల బాలురకును బాలికలకును మైదానమును ఉచితముగా తెఱచుట పెద్ద త్యాగము గాదు.

సిమ్లాకు ప్రయాణము గట్టు తెలుగు కుటుంబములకు మా మనవి యొక్కటి. గది యద్దె యడిగినప్పుడే, ఆ గదికి నీ రెచ్చటినుండి వచ్చుచున్నదో కూడ అడుగుడు. అడుగువారు పదిమంది యైనచో, విడిది యజమాని సమాధానమును వెదకుకొనును. కొండక్రింద నొకయిల్లాలి బిందె వెలితిగా నుండగా, కొండమీది పచ్చిక యెంత నిగనిగలాడినను అది సౌభాగ్యము గాదు.